పదిహేను వేలతో లూపింగ్ మొదలుపెట్టాలంటే

మొన్న రాత్రి పదకొండింటికి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఇక్కడే బెంగళూరులో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, మారతహళ్ళిలో పీజీ హాస్టల్, ఏడాదిగా బీట్‌బాక్స్ (నోటితోనే డ్రమ్స్ శబ్దాలు) చేస్తున్నాడు, బాగా చేస్తాడు కూడా. "అన్నయ్యా, పదిహేను వేలు కూడబెట్టాను, లూపర్ కొనేద్దామనుకుంటున్నా, ఏది కొనమంటావ్?" అన్నాడు. లూపర్ అంటే మనం చేసిన శబ్దాన్ని రికార్డ్ చేసి మళ్ళీ మళ్ళీ తిప్పి వినిపించే పెట్టె, దాని మీద ఇంకో పొర వేసుకుంటూ పోవడమే లూపింగ్. లూపర్ సంగతి తర్వాత, ముందు నీ దగ్గర మైక్ ఏముంది అంటే ఏమీ లేదన్నాడు. ఆ ఫోన్ గంటంపావు సాగింది. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మూడేళ్ళ క్రితం నాకు ఈ సంగతులు తెలుగులో చెప్పేవాళ్ళు దొరకలేదు, తెలియక రెండు నెలలు పోగొట్టుకున్నాను.

వీడియోల్లో ఎక్కువమంది ముందు కనిపించే ఆ ఐదు ట్రాకుల (ఐదు లూపులు విడివిడిగా పట్టే) పెట్టె బాస్ ఆర్‌సీ-505. 2013లో వచ్చింది, 2021లో దాని మార్క్ టూ వచ్చింది. మైక్ నేరుగా గుచ్చుకోవచ్చు, ఏ ట్రాక్‌కి ఆ ట్రాక్ ఆపుకోవచ్చు, ఎఫెక్టులు అందులోనే ఉంటాయి. కొత్తది యాభై వేల పైమాటే. చదువుకునే పిల్లల దగ్గర అంత ఎక్కడుంటుంది, అందుకని అందరి చూపూ గిటార్ వాళ్ళు కాలితో తొక్కే చిన్న లూపర్ పెడల్ మీద పడుతుంది. బాస్ ఆర్‌సీ-1, టీసీ ఎలక్ట్రానిక్ డిట్టో లాంటివి. మొదటిది 12 నిమిషాలు, రెండోది 5 నిమిషాలు రికార్డ్ చేసుకుంటాయి, మనకు అర నిమిషం లూప్ చాలు. ఒకటే ట్రాక్, దాని మీదే పొరలు వేసుకుంటూ పోవాలి. నేర్చుకోవడానికి అదే మంచిదని నా నమ్మకం, ఎందుకంటే కిక్ (నోటితో కొట్టే పెద్ద డ్రమ్ దెబ్బ) తప్పుగా వేస్తే దాని మీద వేసినవన్నీ చెడతాయి, కాబట్టి మొదటి పొర శుభ్రంగా వేయడం తప్పక వస్తుంది.

కానీ ఆ పెడల్స్ గిటార్ కోసం చేసినవి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. సెకండ్ హ్యాండ్‌లో ఆరు వేలకు ఒక పెడల్ తెచ్చుకుని, ఒకవైపు మైక్ పిన్ను ఇంకోవైపు గిటార్ జాక్ ఉండే కేబుల్ కొని నేరుగా కలిపేశాను. వినిపించింది, కానీ ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు. వాల్యూమ్ పెంచితే కిక్ కన్నా ముందు బుస్సుమనే నాయిస్ పెరుగుతోంది. పెడల్ పాడైందనుకుని అమ్మినతని దగ్గరికి రెండుసార్లు వెళ్ళి గొడవ పడ్డాను. పాపం అతని తప్పేమీ లేదు. మామూలు డైనమిక్ మైక్ (స్టేజీల మీద వాడే గట్టి రకం) నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, గిటార్ పికప్ ఇచ్చేది దానికి పదుల రెట్లు. మధ్యలో ఆ చిన్న సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ ఒకటి ఉండాలి. ఆ ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

మన బడ్జెట్‌లో ప్రీయాంప్ అంటే చిన్న మిక్సరే, రకరకాల శబ్దాలను కలిపి లెవెల్ సర్దే పెట్టె. అందులోనూ ఎఫ్‌ఎక్స్ సెండ్ (ఛానల్లోని శబ్దాన్ని బయటి పెట్టెకి పంపే జాక్, ఎంత పంపాలో ఛానల్‌కున్న ఎఫ్‌ఎక్స్ నాబ్ చెబుతుంది) ఉన్నదే తీసుకోవాలి. బెరింజర్ జెనిక్స్ 802లో ఉంటుంది, పాతది వెతికితే నాలుగు వేల చిల్లరకు దొరికింది నాకు. మైక్ మొదటి ఛానల్లోకి, ఎఫ్‌ఎక్స్ సెండ్ నుంచి పెడల్‌లోకి, పెడల్ అవుట్ మళ్ళీ మిక్సర్‌లో వేరే లైన్ ఛానల్‌లోకి. ఇప్పుడు జాగ్రత్తగా వినండి: పెడల్ తిరిగొచ్చే ఆ ఛానల్‌లో ఎఫ్‌ఎక్స్ నాబ్ పూర్తిగా సున్నాలో ఉండాలి. లేకపోతే పెడల్‌లోంచి వచ్చింది మళ్ళీ పెడల్‌లోకే పోయి, చుట్టూ తిరిగి తిరిగి ఒక్కసారిగా కూత పెడుతుంది. మొదటిసారి నాకు అలా అయినప్పుడు హెడ్‌ఫోన్స్ చెవికే ఉన్నాయి, గుండె ఆగినంత పనైంది. చెవులతో ఆటలొద్దు, వైరింగ్ మార్చిన ప్రతిసారీ ముందు వాల్యూమ్ తగ్గించండి. ఇంకొకటి, మైక్ ఛానల్ లెవెల్ తక్కువగా, దాని ఎఫ్‌ఎక్స్ నాబ్ ఎక్కువగా పెట్టుకోవాలి. ఎందుకంటే మీ లైవ్ గొంతు మిక్సర్‌లోంచి ఒకసారి, పెడల్‌లోంచి ఇంకోసారి వస్తుంది, లూప్ మాత్రం పెడల్‌లోంచే వస్తుంది. ఇది సర్దకపోతే మీరు చేసేది గట్టిగా, లూప్ అయ్యేది సన్నగా వినిపించి, పొరలు వేసేకొద్దీ చిరాకు పుడుతుంది.

మైక్ విషయానికొస్తే కండెన్సర్ (స్టూడియోల్లో వాడే సున్నితమైన రకం) వద్దు, డైనమిక్ తీసుకోండి. పెదవుల దగ్గర పెట్టుకుని "బ్" అని గాలి కొడతాం, కండెన్సర్‌లో ఆ గాలికి శబ్దం చితికిపోతుంది, గదిలో ఫ్యాన్ చప్పుడు కూడా అది పట్టేస్తుంది. స్టేజీల మీద కనిపించే షూర్ ఎస్ఎం58 1966 నుంచీ ఉంది, కొనగలిగితే కళ్ళు మూసుకుని కొనొచ్చు, కానీ నకిలీలు చాలా తిరుగుతున్నాయి, సగం ధరకి కొత్తది అన్నారంటే అనుమానించాల్సిందే. అసలుది 298 గ్రాములు, కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూసినా తేడా ఉంటే తెలుస్తుంది. పదిహేను వేలలో అన్నీ రావాలంటే బెరింజర్ ఎక్స్ఎం8500 చాలు, నాది రెండు వేల చిల్లర పడింది, ఇప్పటికీ అదే వాడుతున్నాను. ఈ రకం మైకులు నోటికి దగ్గరయ్యేకొద్దీ బేస్ పెంచుతాయి, మన కిక్‌కి సగం బలం అక్కడినుంచే వస్తుంది. మైక్ తల చుట్టూ అరచేయి మూస్తే శబ్దం ఇంకా గుబగుబలాడుతుంది గానీ, వెనకనుంచి వచ్చే శబ్దాన్ని ఆపే గుణం పోతుంది, ఎదురుగా స్పీకర్ ఉంటే వెంటనే కూత మొదలవుతుంది. గదిలో అయితే పర్లేదు, స్టేజీ మీద చూసుకుని చేయండి. పైన ఉండే జాలీ మర తిప్పితే ఊడుతుంది. నెలకొకసారి అందులోని స్పాంజి మామూలు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. మనం వాడే మైకుకి ఎంత తుంపర పడుతుందో మొదటిసారి కడిగినప్పుడు ఆ నీళ్ళ రంగు చూస్తే అర్థమవుతుంది.

గెయిన్ (మైక్ సిగ్నల్‌ని మిక్సర్ ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెట్టేటప్పుడు మెల్లగా "టెస్ట్ టెస్ట్" అనకండి. మీ దగ్గరున్న అతి గట్టి కిక్ కొట్టండి, ఎర్ర లైటు వెలిగితే అది వెలగడం ఆగేదాకా తగ్గించండి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో లూపింగ్ కుదరదు. మీరు నోటితో కొట్టిన స్నేర్ (చిన్న డ్రమ్ దెబ్బ) చెవికి చేరేసరికి తాళం దాటిపోతుంది. వైర్ ఉన్న హెడ్‌ఫోన్సే, అదీ మిక్సర్‌కున్న జాక్‌లోనే. లాప్‌టాప్‌తో చేద్దామనుకునేవాళ్ళకీ ఇదే సమస్య వేరే రూపంలో ఎదురవుతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె) కొని బఫర్ (లాప్‌టాప్ ఒక్కో విడతకి పోగుచేసుకునే శబ్దం ముక్కల లెక్క) 512 శాంపిల్స్ దగ్గర వదిలేస్తే, సెకనుకు 44,100 శాంపిల్స్ లెక్కన ఒకవైపుకే 11 మిల్లీసెకన్లు దాటుతుంది, రాను పోను రెట్టింపు. 128కి తగ్గిస్తే ఒకవైపు సుమారు 3. పాత లాప్‌టాప్ అంత తక్కువలో టకటకమని పగుళ్ళిస్తుంది. మంచి లాప్‌టాప్ ఉన్నవాళ్ళు ఆ దారిలో వెళ్ళొచ్చు, మా వాడి దగ్గరున్నది మాత్రం బ్రౌజర్ తెరిస్తేనే ఆయాసపడుతుంది.

కేబుళ్ళు, అడాప్టర్ చిక్‌పేట దగ్గరి ఎస్పీ రోడ్డులో తీసుకోండి. బెంగళూరు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, సందు సందుకీ ఎలక్ట్రానిక్స్ కొట్లు, సగం మంది తెలుగు మాట్లాడేస్తారు. బాస్ పెడల్స్‌కి 9 వోల్టులు, సెంటర్ నెగటివ్ (పిన్ను నడిమధ్య మైనస్) అడాప్టర్ కావాలి, వేరే కంపెనీదైతే పెడల్ మీద బొమ్మ చూసుకోండి. మన ఇళ్ళల్లో రౌటర్లకు వచ్చేవి చాలావరకు సెంటర్ పాజిటివ్, పిన్ను పట్టింది కదా అని గుచ్చేయకండి.

కాలి సంగతి చెప్పకపోతే ఇదంతా కొన్నా లాభం లేదు. చిన్నప్పుడు మా ఊళ్ళో రెండేళ్ళు మృదంగం నేర్చుకున్నాను, "త ధి తొం నం" దగ్గరే ఎక్కువ రోజులు గడిచాయి, కానీ సమం (తాళం తిరిగి మొదటి దెబ్బకి వచ్చే చోటు) అంటే ఏమిటో అప్పుడే ఒంటికి పట్టింది. లూపర్‌కి కావలసింది అదే. ఎనిమిది దెబ్బల లూప్ అయితే మళ్ళీ వచ్చే ఒకటి దాటాక తొక్కితే ఆలస్యం, ఎనిమిది మీద తొక్కితే తొందర, సరిగ్గా ఆ ఒకటి వచ్చే క్షణానికి పాదం కింద క్లిక్కుమనాలి. చెప్పులు తీసేసి, మడమ నేల మీద ఆనించి, వేళ్ళతో మాత్రమే తొక్కండి. నేను మొదటి వారమంతా ఏ శబ్దమూ చేయకుండా నోటితో "తకధిమి తకజణు" అనుకుంటూ పెడల్ తొక్కడమే సాధన చేశాను.

మా వాడికి లెక్క ఇలా తేలింది: మైక్ రెండు వేల చిల్లర, పాత మిక్సర్ నాలుగు వేల చిల్లర, పాత పెడల్ ఆరు వేలు, కేబుళ్ళకీ అడాప్టర్‌కీ వెయ్యి, మిగిలిన దానితో వైర్డ్ హెడ్‌ఫోన్స్. "అంటే ఎఫెక్టులేవీ ఉండవా అన్నయ్యా?" అన్నాడు కాస్త దిగులుగా. ఉండవురా, నీ నోరే ఎఫెక్టు అన్నాను. శనివారం పొద్దున మెట్రో దిగి చిక్‌పేటలో కలుస్తాడు, మొదట కేబుళ్ళు, ఆ తర్వాత హోసూరు రోడ్డులో ఒకాయన అమ్ముతున్న పెడల్ చూడటానికి వెళ్తాం. నా మైకూ మిక్సరూ సంచిలో వేసుకెళ్తున్నాను, అక్కడికక్కడే కలిపి చూడకుండా డబ్బులిచ్చేది లేదు.