అమ్మ ముఖం మీద ఇసుక

పాత పెళ్లి ఫోటోల స్కానింగ్ పని నిన్న రాత్రే ముగిసింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

అమ్మానాన్నల పెళ్లి నెగెటివ్‌లు నెల్లూరు ఇంట్లో ట్రంకు పెట్టెలో దొరికాయి. ఊటీలో తయారైన 'ఇందు' బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్. చెన్నై తెచ్చి, ఇంటికి దగ్గర్లో ఉన్న ల్యాబ్‌లో స్కానింగ్‌కి ఇచ్చాను.

ఫైళ్లు చూడగానే అమ్మ, "ముఖాల మీద ఇసుక చల్లారేంట్రా?" అంది.

తిరిగి వెళ్లి అడిగితే కౌంటర్‌లో కుర్రాడు "పళయ ఫిల్మ్ సార్, అప్పిడిదాన్" (పాత ఫిల్మ్ సార్, అంతే) అన్నాడు. నాకొచ్చిన అరకొర తమిళంలో వాదించబోతే వెనక లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పైగా "ఐస్ వేసి క్లీన్ చేశాం" అని గొప్ప ఒకటి! పెద్దది చేసి చూస్తే అమ్మ కనురెప్ప చెంపలోకి అలుక్కుపోయి ఉంది. నోరు మూసుకుని వచ్చేశాను.

తర్వాత తెలిసింది. ఐస్ అంటే ఇన్‌ఫ్రారెడ్ కాంతితో దుమ్ముని కనిపెట్టి చెరిపేసే పద్ధతి. కలర్ ఫిల్మ్‌లోని రంగులు ఆ కాంతిని పోనిస్తాయి, దుమ్ము అడ్డుకుంటుంది. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మే వెండి, అదీ అడ్డుకుంటుంది. అంటే ఆ మిషన్ మా అమ్మను దుమ్మనుకుంది! దానికి తోడు షార్పెనింగ్ (అంచులకి పదును పెట్టడం) కూడా పెట్టారేమో, గ్రెయిన్, అంటే ఫిల్మ్‌లోని వెండి గరుకు, బొంబాయి రవ్వలా లేచింది.

ఫ్రెండ్ దగ్గర ఎప్సన్ వీ600 స్కానర్ అరువు తెచ్చుకున్నాను. ఐస్ తీసేశాను, షార్పెనింగ్ తీసేశాను. 3200 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), వివరాలు పోని 16 బిట్ టిఫ్ ఫైలు. బ్లోయర్‌తో దుమ్ము ఊదాను, మిగిలిన మచ్చలు కంప్యూటర్‌లో ఒక్కొక్కటీ చేత్తో తీశాను. ఒక్కో ఫ్రేముకి అరగంట. చివర్లో సైజు సగానికి తగ్గిస్తే పక్కపక్క చుక్కలు కలిసిపోయి గ్రెయిన్ మెత్తబడింది.

ఒకే ఫ్రేముని నాలుగుసార్లు స్కాన్ చేసి కలిపీ చూశాను. నీడల్లో స్కానర్ నాయిస్ (స్కానర్ తనంతట తాను చేర్చే చుక్కలు) తగ్గింది గానీ గ్రెయిన్ కదల్లేదు. ఫిల్మ్‌లోనే ఉన్నది ఎక్కడికి పోతుంది? కంప్యూటర్‌లో చుక్కల్ని నునుపు చేసే నాయిస్ రిడక్షన్ గట్టిగా లాగితే నాన్న బట్టల షాపు బొమ్మలా తయారయ్యాడు. దాని జోలికి పోకండి.

అమ్మ ఇప్పుడు ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసి చూస్తోంది. "ఈ కాసులపేరు నాది కాదురా, మీ పెద్దత్తది. పెళ్లికి అరువిచ్చింది."