టెక్సస్‌లో తూటాలు నింపడం నేర్చుకున్న వైనం

తూటా పేల్చాక ఖర్చయిపోయేవి మూడు: అడుగున ఉండి నిప్పు రాజేసే ప్రైమర్, లోపలి తుపాకీమందు, ముందుకు దూసుకుపోయే బుల్లెట్. అన్నింటికంటే ఖరీదైన ఇత్తడి గొట్టం మాత్రం అలాగే మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, మళ్లీ కొలతకు నొక్కి, కొత్త ప్రైమర్, తూచిన మందు, కొత్త బుల్లెట్ అమర్చితే తూటా తయారు. అమెరికాలో దీన్ని రీలోడింగ్ అంటారు. సొంత వాడకానికి చేసుకునేవారికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. డాలస్ ఉత్తర శివార్లలో ఉంటూ ఈ విద్య ఎలా నేర్చుకున్నానో రాస్తున్నాను.

మనవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ప్రెస్సో (తూటాలు నొక్కే మీట యంత్రం) మందో కాదు, వీసా. హెచ్‌1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్న మాట నిజమే. కానీ గ్రీన్ కార్డు వరుసలో నిలబడ్డవారు వాటిని నమ్ముకుని సాహసించడం తెలివైన పని కాదనుకుంటాను. నేనైతే కార్డు చేతికొచ్చేదాకా ఆగాను. మన వరుస ఎంత పొడవో చెప్పనక్కర్లేదు కదా! ఇక ఇండియా సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం తూటా విడిభాగాలను కూడా మందుగుండు కిందే లెక్కగడుతుంది; లైసెన్సు లేకుండా తయారుచేయడం నేరం. శంషాబాద్ స్కానరులో బ్యాగు అడుగున ఒక్క ఖాళీ గొట్టం కనబడిందంటే సంజాయిషీలు చెప్పుకుంటూ కూర్చోవాల్సిందే. అందుకే షూటింగ్ రేంజికి తీసుకెళ్లే బ్యాగును నేను విమానం ఎక్కించను.

నా దగ్గరున్నది .38 స్పెషల్ అనే తూటా వాడే రివాల్వరు. రేంజిలో పరిచయమైన ఒక పెద్దాయన, రిటైరైన మెషినిస్టు, కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి తూటా లేదని తేల్చేశారు. గొట్టం పైనుంచి కిందికి తిన్నగా ఉంటుంది, రైఫిల్ తూటాలా మెడ దగ్గర సన్నబడదు. కార్బైడ్ డై (గొట్టాన్ని నొక్కే గట్టి అచ్చు) వాడితే నూనె పూయకుండానే కొలతకు నొక్కవచ్చు. రివాల్వరు కాబట్టి ఖాళీ గొట్టాలు ఎగిరి పక్కవాళ్ల బెంచీల కింద పడవు, నేరుగా అరచేతిలోకే రాలతాయి. పైగా దుకాణంలో దీని ధర 9 ఎం.ఎం. పిస్టల్ తూటా కంటే ఎక్కువ. కేవలం 9 ఎం.ఎం. పేల్చేవారు డబ్బు మిగులుతుందని ఇందులోకి వస్తే పరికరాల ఖర్చు రాబట్టుకోవడానికే చాలాకాలం పడుతుంది. నిజానికి ఎవరికీ డబ్బు మిగలదు. అదే డబ్బుతో ఎక్కువ తూటాలు పేలుస్తారు, అంతే.

ప్రెస్సుల్లో రెండు తరహాలున్నాయి. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో పనులన్నీ వరుసగా ఒకేసారి జరుగుతుంటాయి, మీట లాగిన ప్రతిసారీ ఒక తూటా బయట పడుతుంది. సింగిల్ స్టేజ్‌లో ఒకసారికి ఒకే డై, ఒకే పని. మొత్తం గొట్టాలకు ఆ పని పూర్తయ్యాకే డై మార్చి తర్వాతి పనికి వెళ్లాలి. మొదటిది వద్దన్నారు పెద్దాయన. నేను రెండోదే కొన్నాను, ఆర్‌సీబీఎస్ వారి రాక్ చకర్. పోత ఇనుముతో చేసిన మొండి సరుకు, మనవళ్ల కాలం దాకా ఉంటుంది. దానితోపాటు డైల సెట్టు, గొట్టాన్ని పట్టి ఉంచే షెల్ హోల్డర్, వెర్నియర్ కాలిపర్స్, తక్కెడ కొన్నాను. తక్కెడల్లో నాకు బ్యాటరీతో నడిచేదానికన్నా పాతకాలపు దండె తక్కెడ మీదే గురి. దానికి కావాల్సిందల్లా కదలని బల్ల, గాలి ఆడని గది.

ఏ బుల్లెట్‌కు ఎంత మందో చెప్పే మాన్యువల్స్ మాత్రం రెండు ఉండాలి, వేర్వేరు కంపెనీలవి. అదే బుల్లెట్‌కు, అదే మందుకు రెండింట్లోనూ అంకెలు కొద్దిగా వేరుగా ఉంటాయి. వాళ్లు పరీక్షించిన తుపాకీ గొట్టాలు వేరు, వాడిన ఇత్తడి వేరు. కనీస మోతాదుతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వెళ్లడమే పద్ధతి. ఎన్ని గ్రెయిన్లు వాడుతున్నానో ఇక్కడ రాయను. ఆ అంకె పుస్తకం నుంచే తీసుకోవాలి. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, పౌనుకు 7000. వెనకటి కంసాలులు బంగారం తూచిన గురివింద గింజలో దాదాపు సగం. ఇక్కడ పెట్టే తేడాలు ఆ గ్రెయిన్‌లో పదో వంతుల్లో ఉంటాయి.

మందూ ప్రైమర్లూ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రమాదకర సరుకు కింద అదనపు రుసుము పడుతుంది. అందుకని ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే ఆర్డరు పెట్టుకుంటారు. కోవిడ్ రోజుల్లో ప్రైమర్లు దొరకక అల్లాడినవాళ్లు ఇప్పటికీ దుకాణంలో అవి కనబడితే చాలు, ఒక పెట్టె అదనంగా తీసుకుంటారు.

ఇంట్లో పెద్ద చర్చ మందు ఎక్కడ పెట్టాలన్నదాని మీద జరిగింది. టెక్సస్ ఎండలకు గ్యారేజీ కొలిమిలా కాగుతుంది, అక్కడ కుదరదు. మిగిలింది లోపలి చిన్న గది. దేవుడి గదికి గోడ అవతలే అది. "దీపం పెట్టే చోటికి ఇంత దగ్గరలో మందేమిటి?" అని మా ఆవిడ నిలదీసింది. న్యాయమైన ప్రశ్నే. ఇప్పటి పొగరాని మందు పాతకాలపు నల్ల తుపాకీమందు లాంటిది కాదు. బిగించకుండా వదిలేస్తే భగ్గున మండుతుంది గానీ పేలదు. పీడనం పెరిగితేనే ముప్పు. కాబట్టి గట్టి ఇనుప బీరువాలో పెట్టి బిగించడం తప్పు, కంపెనీ డబ్బాలోనే ఉంచాలి. నివాస గృహాల్లో 20 పౌన్ల వరకూ అలాగే ఉంచవచ్చని, అది దాటి 50 పౌన్ల వరకైతే అంగుళం మందం చెక్కపెట్టె ఉండాలని అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 495 చెబుతుంది. నా దగ్గర ఉన్నది ఒకే ఒక పౌను డబ్బా. అయినా ఆవిడ మాటే నెగ్గింది. ఇప్పుడు మందు ఇంటికి ఆ చివర ఉన్న అలమరలో తాళం వెనక ఉంటుంది. పని చేసేటప్పుడే బల్ల మీదికి వస్తుంది, అదీ ఒక్క రకమే. రెండు డబ్బాలు తెరిచి ఉంటే ఒకదాని బదులు ఇంకొకటి పోసే అవకాశం ఉంటుంది.

పని మొదలయ్యేది ఇత్తడి శుభ్రం చేయడంతో. పేలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది. తిరిగే డబ్బాలో మొక్కజొన్న కండె పొడి వేసి మెరుగు పెట్టాక ఆ దుమ్మును వంటింటి దరిదాపులకు రానివ్వకూడదు. నేను పెరట్లోనే జల్లిస్తాను. చేతులు కడుక్కోకుండా మంచినీళ్లు కూడా ముట్టను.

తర్వాత ఒక్కొక్క గొట్టాన్నీ డైలోకి తోస్తే పాత ప్రైమర్ ఊడిపోతుంది, ఉబ్బిన ఒళ్లు కొలతకు వస్తుంది. మరో డై మూతిని కాస్త విచ్చుకునేలా చేస్తుంది. ప్రైమర్లు చేతి పరికరంతో ఎక్కిస్తాను. అది గూట్లో కూర్చునేటప్పుడు బొటనవేలికి తెలుస్తుంది: ముందు కొంచెం బిగువు, ఆపైన గట్టిగా అడుగు తగలడం. అయ్యాక ప్రతి గొట్టం అడుగునా చూపుడువేలు రాస్తాను. ప్రైమర్ అంచుకంటే వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. పైకి పొడుచుకొస్తే రివాల్వరు చక్రం తిరగదు. వేలికి దొరికే తేడా కళ్లద్దాలకు కూడా దొరకదు.

అసలు జాగ్రత్త మందు దగ్గర. .38 స్పెషల్‌ను స్మిత్ అండ్ వెసన్ 1898లో తెచ్చింది, అదీ ఆ నల్ల తుపాకీమందుకు సరిపడా పొడవుతో. నేటి మందు అంత స్థలంలో అడుగున ఎక్కడో కాస్త ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొర్లిపోదు, నిక్షేపంగా పడుతుంది, పైన బుల్లెట్ కూడా కూర్చుంటుంది. దాన్ని పేలిస్తే రివాల్వరు బద్దలవుతుంది. అసలే పోయకపోతే మరో చిక్కు: ప్రైమర్ బలానికే బుల్లెట్ తుపాకీ గొట్టంలోకి దూరి ఇరుక్కుంటుంది. వెనకాలే ఇంకొకటి పేలిస్తే తుపాకీ గొట్టం పగులుతుంది. అందుకే యాభై గుంటల చెక్కలో గొట్టాలన్నీ నిలబెట్టి మందు పోశాక, బుల్లెట్ జోలికి పోకముందే టార్చి వేసి పైనుంచి చూస్తాను. వరుసలన్నింటిలోనూ మందు ఒకే లోతున కనబడాలి. అనుమానం వచ్చిన గొట్టాన్ని ఖాళీ చేసి మళ్లీ తూస్తాను. ఆ సమయంలో ఫోను వేరే గదిలో ఉంటుంది, ఎవరు పిలిచినా పలకను. ప్రోగ్రెసివ్ ప్రెస్ వద్దన్న పెద్దాయన మాటలోని విలువ నాకు తెలిసొచ్చింది ఈ టార్చి వెలుగులోనే. పనులు విడివిడిగా జరిగితేనే మధ్యలో ఆగి చూసే వీలుంటుంది.

మిగతాది సులువే. 148 గ్రెయిన్ల వాడ్‌కటర్ బుల్లెట్‌ను, అంటే ముక్కు చదునుగా ఉండే సీసపు ముద్దను, మూతిలో పెట్టి డైతో దింపడం, విచ్చుకున్న అంచును మళ్లీ దగ్గరకు నొక్కడం. డబ్బా మీద తేదీ, మందు, తూకం, బుల్లెట్ రాసి చీటీ అంటించడం. చీటీ లేని తూటాను పేల్చకూడదు. సుత్తిలాంటి పుల్లర్‌తో కొట్టి విడదీసేయడమే.

రేంజిలో మొదటిసారి పేల్చినప్పుడు ఒక్కొక్కటే పెట్టి పేల్చాను. చప్పుడు పీలగా వినిపిస్తే ఆపి తుపాకీ గొట్టంలోకి చూడాలి, అలాంటిదేమీ రాలేదు. ఖాళీలు చక్రంలోంచి బిగుసుకోకుండా జారాయి, ప్రైమర్లు చదునుగా అణిగిపోలేదు. పీడనం హద్దులో ఉందనడానికి ఇవి ఊరటనిచ్చే గుర్తులు. వాడ్‌కటర్ కాగితాన్ని చింపదు, ఆఫీసు పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రటి చిల్లు వేస్తుంది. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెద్దాయనదే అరువు తెచ్చుకున్నాను. నావాటి వేగాల మధ్య తేడా నేను కొనే కంపెనీ తూటాల కంటే తక్కువే.

మొన్న ఇక్కడే పౌరసత్వం తీసుకున్న మిత్రుడొకడు, "అన్నా, నాకూ ఒక రెండు వందలు చేసిపెట్టు, డబ్బులిస్తాను" అన్నాడు. కుదరదన్నాను. తయారుచేసి అమ్మే వ్యాపారానికి ఫెడరల్ లైసెన్సు కావాలి. ఊరికే ఇవ్వడానికీ మనసొప్పదు. వేరేవాళ్లు నింపిన తూటాలు నేనూ పేల్చను. "గొట్టాలు తెచ్చుకో తమ్ముడూ, నా బల్ల మీద నువ్వే నింపుకో" అన్నాను. శనివారం వస్తున్నాడు. ఈలోగా చదువుకోమని మాన్యువల్ ఒకటి చేతిలో పెట్టి పంపాను.