కోనసీమ విందు: కూరలు కుదిరాయి, పూతరేకు కుదరలేదు

నాలుగో ఆదివారం కూడా పోయింది. రేకు రాలేదు.

విందుకి ఇంక 13 రోజులే ఉంది. 12 మంది వస్తున్నారు, అరిటాకులు చెప్పేశాను. ఆవ పెట్టిన పనసపొట్టు కూర రెండుసార్లూ బాగా కుదిరింది. కొబ్బరన్నం సరే. గోదావరికి వరద నీరు వస్తేగానీ పులస రాదు కాబట్టి ఈసారి బొమ్మిడాయిల పులుసు. తాపేశ్వరం కాజా కొనే తెస్తాను. పూతరేకులు కూడా కొనొచ్చు, 2023లో ఆత్రేయపురం రేకులకి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. కానీ నేను తీసిన రేకే ఆకులో వడ్డించాలని నా పట్టుదల.

నిన్నటి లెక్క ఇది. జయ బియ్యం 200 గ్రాములు, 2 గంటలు నానబెట్టి గ్రైండర్‌లో రుబ్బాను. మిక్సీలో పిండి వేడెక్కుతుంది, అందుకే వాడలేదు. నీళ్లు 650 మి.లీ. కుండ బోర్లించి గ్యాస్ పెద్ద బర్నర్ మీద 15 నిమిషాలు కాల్చి, నూనె గుడ్డతో తుడిచి, పిండిలో ముంచిన పంచె ముక్కతో ఒక్క లాగు లాగాను. కుండ నడినెత్తిన రేకు రెండు సెకన్లలో ఎండి తెల్లగా లేచింది. పక్కల్లో మాత్రం ఇంకా తడే. తీయబోతే సరిగ్గా ఆ తడీ పొడీ కలిసేచోట పర్రున చిరిగింది. థర్మామీటర్ పెట్టి చూస్తే నెత్తిన 215 డిగ్రీలు, పక్కన 140. మంట తగ్గిస్తే 170, 110. అప్పుడు మొత్తం గంజి పెట్టిన గుడ్డలా అతుక్కుపోయింది. 31 సార్లు లాగితే నిండుగా వచ్చినవి 6.

గ్యాస్ మంట ఒక్కచోటే తగలడం అసలు కారణమని నా అనుమానం. ఆత్రేయపురంలో ఎండు కొబ్బరాకుల మంట కుండ కడుపంతా నాకుతుంది. ఇంకోటి కూడా ఉంది: మొదటి పది రేకులు మరీ పల్చన, చివరివి అట్టంత మందం. పిండి అడుక్కి దిగిపోతోందన్నమాట.

రావులపాలెం పిన్నికి ఫోన్ చేశాను. "గుడ్డ ముంచిన ప్రతిసారీ పిండి కలుపుతున్నావా నాన్నా? చెయ్యి ఆపకు, ఆపినచోట మందం కడుతుంది" అంది. రెండూ నేను చేసిన తప్పులే.

నాన్‌స్టిక్ పెనం మీద బ్రష్‌తో పూసే పద్ధతి చాలామంది చెప్తున్నారు. నాకది నచ్చదు. ఆ రేకు విరిగితే చప్పుడే రాదు.

శనివారం డాబా మీద మూడు ఇటుకలు పేర్చి కట్టెల పొయ్యి పెడతాను. గుడ్డ మార్చి పాత వాయిల్ చీర ముక్క వాడతాను, పంచె గుడ్డ పిండి ఎక్కువ పీలుస్తోంది. పక్కలు 180 దాటితే చాలు. బెల్లం తురుము, జీడిపప్పు, సంగం డెయిరీ నెయ్యి (వాసన నాకు అదే ఇష్టం) సిద్ధం. మన అపార్ట్‌మెంట్ చెట్టు నుంచి రాలిన కొబ్బరి మట్టలు రెండు ఇవాళే ఎండేశాను.