"నీళ్లు తాగితే ఎక్కడికి పోవాలక్కా?"

మా మెడికల్ షాపులో జ్వరం మాత్ర ఎవరైనా గట్టిగానే అడుగుతారు. మోషన్ కావడం లేదని చెప్పాల్సి వస్తే మాత్రం, అందులోనూ ఆడవాళ్లు, పక్కనున్న మనిషి వెళ్లేదాకా ఆగుతారు. ప్రొద్దుటూరులో మా ఆయనా నేనూ కలిసి ఈ షాపు నడుపుతున్నాం. డి.ఫార్మసీ చదివింది నేను కాబట్టి కౌంటర్ దగ్గర నేనే ఎక్కువ ఉంటాను. "కడుపు ఫ్రీ కావడం లేదక్కా, ఏదన్నా గట్టి మాత్ర ఇయ్యి" అని నాకు రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు.

మాత్ర తీసే ముందు నేను అడిగేది నీళ్ల గురించే. మా ఊళ్లో బట్టల షాపులు, బంగారు షాపులు ఎక్కువ. వాటిల్లో పనిచేసే అమ్మాయిలు పొద్దున వస్తే రాత్రి దాకా నిలబడే ఉంటారు. అట్లాంటి ఒకమ్మాయిని పొద్దున్నుంచి ఎన్ని నీళ్లు తాగావని అడిగితే, "తాగితే ఎక్కడికి పోవాలక్కా?" అని నన్నే అడిగింది. వాళ్లకు బాత్రూమ్ ఒకటే, దానికి తాళం. గిరాకీ ఉన్నప్పుడు తాళంచెవి అడగాలంటే టెన్షన్. అందుకని మధ్యాహ్నం అన్నంలో తాగే గ్లాసు నీళ్లు కూడా సగమే తాగుతుంది. చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లది ఇంకా కష్టం. చుట్టూ చెట్టూ పుట్టా లేకపోతే చీకటి పడేదాకా ఆపుకుంటారు. ఎండాకాలం మా జిల్లాలో 40 డిగ్రీలు దాటుతుంది. ఒంట్లో నీళ్లు చెమటకే పోతాయి.

పెద్దపేగు చేసే పనుల్లో ఒకటి నీళ్లు పీల్చుకోవడం. మలం అక్కడ ఎంత సేపు ఆగితే అంత ఎండిపోయి గట్టిపడుతుంది. పైగా వచ్చిన ప్రతిసారీ ఆపుకుంటూ పోతే, 'ఇప్పుడు పోవాలి' అని తెలిపే ఆ కబురు కూడా మెల్లగా మందగిస్తుంది. గట్టిపడితే నొప్పి, చీలిక, రక్తం. ఆ నొప్పికి భయపడి మళ్లీ ఆపుకుంటారు. మొలలకు ఆయింట్‌మెంట్ కావాలని వచ్చేవాళ్లలో చాలామంది కథ ఇదే.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇంతే. లేవగానే ఒక గ్లాసు, టిఫిన్ తర్వాత ఇంకో గ్లాసు నీళ్లు తాగు. తిన్నాక పేగులు సహజంగానే కదులుతాయి, పొద్దున పూట ఆ కదలిక ఇంకా ఎక్కువ. కాబట్టి టిఫిన్ అయ్యాక ఓ పది నిమిషాలు తీరిగ్గా కూర్చో, ముక్కొద్దు, ఫోన్ పట్టుకుపోవద్దు. దానికోసం అరగంట ముందు లేవాల్సి వచ్చినా పర్వాలేదు. మా షాపు వెనకాలే మా ఇల్లు. పగలు అవసరమైతే మొహమాటం లేకుండా రమ్మన్నాను. ఇప్పుడు తనతో పాటు పక్క షాపు పిల్లలు కూడా వస్తున్నారు. షాపులు నడిపే అన్నలకు నేను చేతులు జోడించి చెప్పేది ఒకటే, ఆ తాళం తీసిపెట్టండి.

ఇక తిండి. మా అవ్వ వాళ్ల కాలంలో పూట పూటకూ సంగటో, జొన్నరొట్టో, కొర్రన్నమో ఉండేది. ఇప్పుడు పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం తెల్లన్నం, రాత్రి మళ్లీ అన్నమో దోసెలో. పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు పీచు 3 గ్రాములు కూడా ఉండదు. రాగుల్లో 11 గ్రాముల దాకా ఉంటుంది, జొన్నల్లో 10. పెద్దవాళ్లకు రోజుకు 25 నుంచి 30 గ్రాములు కావాలి. అన్నం మానేయమని నేను ఎవరికీ చెప్పను. రోజుకు ఒక పూట సంగటి చేసుకోండి, అందులో బియ్యం తగ్గించి రాగిపిండి పెంచండి. ఊరుబిండి పచ్చడితో పాటు ఆకుకూర పప్పో, మటిక్కాయల (గోరుచిక్కుళ్ల) తాళింపో, అలసందల కూరో ఉండాలి. చీనీకాయ (బత్తాయి) జ్యూస్ చేసి వడకడితే పీచంతా పిప్పిలో పోతుంది, తొనలు ఒలుచుకుని తినండి. జామకాయ చవకగా దొరికినన్నాళ్లు దాన్ని మించింది లేదు. అయితే ఇవన్నీ ఒక్కసారిగా పెంచితే గ్యాస్ పట్టేసి, ఇది నాకు పడదని వదిలేస్తారు. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచాలి, నీళ్లు కూడా దాంతో పాటే పెరగాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పిన కొలత దాటి నీళ్లు తాగకూడదు.

ఇసబ్‌గోల్ గురించి గట్టిగా చెప్పాలి. అది నీళ్లు పీల్చుకుని ఉబ్బి పనిచేసే పొట్టు. చెంచాడు నోట్లో వేసుకుని రెండు గుక్కలు తాగి పడుకునేవాళ్లు ఉన్నారు, అట్లా చేస్తే గొంతులోనో పేగులోనో అడ్డంపడే ప్రమాదం ఉంది. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేయాలి. మింగడం కష్టమయ్యేవాళ్లకు అది వద్దు. మిగతా మాత్రలకూ దానికీ రెండు గంటల ఎడం ఉంచండి. పని చేయడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు కాబట్టి, తెల్లారేసరికి కాలేదని మోతాదు పెంచొద్దు. బిసకోడిల్ మాత్ర రాత్రి వేసుకుంటే పొద్దునకు పనిచేస్తుంది, కానీ పాలతో వేసుకోకూడదు. పైపూత పొట్టలోనే కరిగిపోయి కడుపునొప్పి వస్తుంది. అదీ ఎప్పుడో ఒకసారికే, రోజూ వద్దు. గర్భిణులు ఆముదం తాగడం అసలు వద్దు.

మీరు వేసుకుంటున్న మాత్రల చీటీ కూడా ఒకసారి తెచ్చి చూపించండి. ఐరన్, కాల్షియం, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, కొన్ని బీపీ మాత్రలు కూడా మోషన్‌ను గట్టిపరుస్తాయి. ఐరన్ వేసుకుంటే మలం నల్లగా అవుతుంది, భయపడి మానేయకండి. రక్తం తక్కువున్న గర్భిణికి ఆ మాత్ర చాలా అవసరం. ఇబ్బందిగా ఉంటే ఏఎన్ఎమ్‌కో డాక్టర్‌కో చెబితే మార్చి ఇస్తారు.

రోజూ కాలేదని కంగారు అక్కర్లేదు. వారానికి మూడుసార్లు కంటే తక్కువైతే, లేదా గట్టిగా, నొప్పిగా అవుతుంటే అప్పుడు మలబద్ధకం అనుకోవాలి. కానీ మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మార్పు, ఇవి ఉంటే నేను ఇసబ్‌గోల్ పౌడర్ ఇవ్వను, డాక్టర్ దగ్గరికే పంపిస్తాను. పొట్ట ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే ఏ మందూ వేయకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.