కల్చరల్ సెక్రటరీగా నా అనుభవం: ఒక సదస్సు, మూడు కాలేజీలు, ఒక తప్పెటగుళ్ళ బృందం

మా కాలేజీలో కల్చరల్ సెక్రటరీకి ఎన్నికలు ఉండవు. జూలైలో లెక్చరర్లు కూర్చుని పేర్లు ఖాయం చేసి నోటీసు బోర్డులో పెడతారు. ఆ రోజు నుంచి ఫ్రెషర్స్ డే, టీచర్స్ డే, సంక్రాంతి సంబరాలు, యాన్యువల్ డే అన్నీ మన నెత్తి మీదే. మార్చి దాటితే పరీక్షలు, ఆ వెనకే టీసీ. పని చేతికి వచ్చేసరికి పదవి అయిపోతుంది. తర్వాత వచ్చేవాళ్ళు మైక్ సెట్ ఎవరిది, షామియానా ఎక్కడ దొరుకుతుంది అనే దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెడతారు.

కిందటేడు సెప్టెంబరులో విశాఖలో విద్యార్థి ప్రతినిధులకు రెండు రోజుల సదస్సు ఉందని కబురొస్తే, మా ఇన్‌ఛార్జి మేడమ్ నా పేరు పంపారు. క్యాంపస్‌లో కార్యక్రమాలు ఎలా నడపాలి అన్నదే అక్కడి విషయం. విశాఖ, అనకాపల్లి, విజయనగరం జిల్లాల నుంచి పిల్లలు వచ్చారు. అక్కడ విన్నది పట్టుకుని జనవరి దాకా ఒక పని నడిపించాం. ఆ పని ఎలా సాగిందో రాస్తే ఈ ఏడాది ఇలాంటి బాధ్యత తీసుకున్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

సదస్సు రుషికొండ దగ్గర ఒక కాలేజీలో. మా కాలేజీ ఉన్న గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా ఒక బస్సు, అక్కడ దిగి భీమిలి బస్సు. మొదటి రోజు ఉదయం జ్యోతి ప్రజ్వలన, నాయకత్వ లక్షణాల మీద ప్రసంగాలు. అసలు విషయం భోజనాల తర్వాత మొదలైంది.

చాలా ఏళ్ళు విద్యార్థి సంక్షేమం చూసి రిటైరైన ఒక ప్రిన్సిపాల్ గారు మాట్లాడారు. అమెరికాలో 1960లో కాలేజీలవాళ్ళు బ్లాక్ బుకింగ్ కాన్ఫరెన్స్ అని ఒకటి పెట్టుకున్నారట. ఇప్పుడు దాని పేరు నేషనల్ అసోసియేషన్ ఫర్ క్యాంపస్ యాక్టివిటీస్. మొదటి పేరులోనే దాని పని ఉంది. ఒక కళాకారుణ్ణి ఒక్క కాలేజీ పిలిస్తే ఒక రేటు, అదే దారిలో ఉన్న నాలుగు కాలేజీలు వరుస రోజుల్లో పిలిస్తే తగ్గించిన రేటు. రానుపోను ఖర్చు అందరికీ పంచుకుపోతుంది, కళాకారుడికి మధ్యలో ఖాళీ రోజులు ఉండవు. అక్కడి సదస్సుల్లో కళాకారులే వచ్చి కాసేపు ప్రదర్శించి చూపిస్తారట. విద్యార్థులు చూసి, నచ్చితే పక్క కాలేజీలవాళ్ళతో అక్కడికక్కడే తేదీలు మాట్లాడుకుంటారట.

తర్వాత ఆయన మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగారు. యాన్యువల్ డేకి ఎక్కువ డబ్బు దేనికి పోతుంది? హాలంతా ఒకే మాట: డీజే, సౌండు, లైటింగు. ఈ మూడు జిల్లాల జానపద కళాకారులు మీ కాలేజీకి ఎప్పుడొచ్చారు? లేచిన చేతులు చాలా తక్కువ. గుండెకు తప్పెట కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళు, గిరిజనుల బృంద నృత్యం థింసా, జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ అన్నీ మనవైపువే. మా క్లాసులో సగం మంది ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. అయినా కాలేజీ స్టేజీ మీద అవి కనిపించవు. ఎందుకని అడిగితే, ఇరవై మంది బృందం వస్తే బండి ఖర్చు, భోజనాలు, బస మేం భరించలేం అని ఒకబ్బాయి అన్నాడు. ఆ ఖర్చును మూడుతో భాగించి చూడండి అన్నారాయన.

టీ బ్రేక్‌లో ఆ అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళది భీమిలి కాలేజీ. మా మాటలు విని అనకాపల్లి నుంచి వచ్చిన ఒక అక్క కలిసింది. ఆమె పీజీ చదువుతోంది, వాళ్ళ కాలేజీలో ఇదే బాధ్యత రెండో ఏడాది చేస్తోంది. ముగ్గురం అక్కడే పేపర్ ప్లేటు వెనకాల తేదీలు రాసుకున్నాం. మొత్తం సదస్సులో నాకు దక్కిన పెద్ద లాభం ఆ పది నిమిషాలే. ఇలాంటి చోటికి వెళ్ళేవాళ్ళు తమ కాలేజీ వాళ్ళతోనే కూర్చుని తిని వచ్చేయొద్దని నా విన్నపం.

రెండో రోజు ఉదయం అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన అధికారి క్లాసు. ఆయన 2023 నవంబరు 25న కేరళలో, కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో జరిగినది చెప్పారు. టెక్ ఫెస్ట్‌లో భాగంగా ఓపెన్ ఎయిర్ ఆడిటోరియంలో పాటల కచేరీ. మొదలవబోతుండగా చినుకులు పడ్డాయి. బయట నిలబడ్డవాళ్ళు ఒక్కసారిగా గేటులోంచి తోసుకొచ్చారు. లోపలికి రాగానే నిటారుగా కిందికి దిగే మెట్లు. ముందువాళ్ళు పడ్డారు, వాళ్ళ మీద వెనకవాళ్ళు పడ్డారు. నలుగురు చనిపోయారు. అందులో ముగ్గురు ఆ యూనివర్సిటీ విద్యార్థులే. మా వయసువాళ్ళు. మాలాంటి పిల్లలే ఏర్పాటు చేసుకున్న పండుగ. హాల్లో ఎవరూ మాట్లాడలేదు.

ఆయన అందరికీ తెల్ల కాగితాలు పంచి మీ మీ ఆడిటోరియం బొమ్మ గీయమన్నారు. తలుపులు ఎక్కడున్నాయి, ఎన్ని తెరిచి ఉంటాయి, మెట్లు ఎన్ని, కరెంటు బోర్డు ఎక్కడుంది, జనరేటర్ ఎక్కడ పెడతారు. గీశాం. చివర్లో ఒక ప్రశ్న అడిగారు: "మీ హాలు తలుపులు లోపలికి తెరుచుకుంటాయా, బయటికి తెరుచుకుంటాయా?" రోజూ చూసే తలుపే, కానీ అక్కడ ఒక్కరూ గట్టిగా చెప్పలేకపోయారు. జనం లోపలి నుంచి తోసుకుంటూ వస్తే లోపలికి తెరిచే తలుపు తెరవడం కుదరదు. అందుకే ఆ ప్రశ్న.

నేను బయటికొచ్చి మా జూనియర్‌కి ఫోన్ చేసి చూసి రమ్మన్నాను. తలుపులు లోపలికే. కింద గడియ తుప్పు పట్టి సగంలో ఆగిపోతోంది. పక్క తలుపు దగ్గర విరిగిన బెంచీలు కుప్పగా పడున్నాయి. సోమవారం ఆ కాగితం బొమ్మ పట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మాతో పాటు హాలుకు వచ్చి చూసి, దసరా సెలవుల్లో వడ్రంగిని పిలిపించి తలుపులు బయటికి తిప్పించారు, బెంచీలు తీయించారు. ఆ పదవిలో నేను ఇంకేమీ చేయకపోయినా ఇదొక్కటి చాలనిపించింది.

మధ్యాహ్నం అనుమతుల మీద క్లాసు. ఇందులో నాకు కొత్తగా తెలిసినవి రాస్తాను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్ స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మోగించకూడదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం కింద రావచ్చు. మా కాలేజీ వెనక సందులో ఒక నర్సింగ్ హోమ్ ఉంది. అంచేత స్పీకర్ల ముఖం మెయిన్ రోడ్డు వైపు తిప్పాం, సాయంత్రం 7కే ముగించేలా వేళలు మార్చాం. పాటల సంగతికొస్తే, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విద్యాసంస్థలకు ఒక వెసులుబాటు ఇచ్చింది. కాలేజీ కార్యక్రమంలో విద్యార్థులు, సిబ్బంది ప్రదర్శిస్తూ, చూసేవాళ్ళు కూడా విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్ళే అయితే అది ఉల్లంఘన కిందికి రాదు. టికెట్టు పెట్టి బయటివాళ్ళను పిలిస్తే ఆ మాట వర్తించదు.

ఇక బృందం వేట. మా ఫస్టియర్‌లో విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు, "అక్కా, మా పెదనాన్న తప్పెటగుళ్ళు ఆడతారు" అన్నాడు. ఆదివారం భీమిలి అబ్బాయి, నేను, ఆ తమ్ముడు కలిసి వాళ్ళ ఊరు వెళ్ళాం. బృందం గురువు గారు గొర్రెల దొడ్డి దగ్గర ఉన్నారు. నులక మంచం వాల్చి కూర్చోమన్నారు. విషయం చెప్తే మా ముగ్గురినీ మార్చి మార్చి చూశారు.

"ఏటమ్మా, మూడు కాలేజీలోళ్ళూ ఒక్కపాలే మాటాడుకొని వొచ్చినారా? ఇలాగైతే మాకూ బాగుంటాది. ఒక్కరోజుకైతే వేను కర్సే సగం తినేస్తాది."

తేదీ దగ్గర మాత్రం పట్టుదలగా ఉన్నారు. దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం, ఆ రోజుల్లో కదలరు. తర్వాత వరి కోతలు, నూర్పులు. సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ పిలుస్తాయి. చివరికి సంక్రాంతి వెళ్ళాక, జనవరి ఆఖరి వారం కుదిరింది. విజయనగరం నుంచి వచ్చే దారిలో ముందు భీమిలి, మర్నాడు గాజువాక, ఆ మర్నాడు అనకాపల్లి. బండి వెనక్కి తిరగకుండా ఒకే వరసలో పోతుంది. రాత్రి బస మా బాయ్స్ హాస్టల్లో, ఒక పూట భోజనం ఒక్కో కాలేజీది.

ఒప్పందం కాగితం మీద రాసుకోమని సదస్సులో మరీ మరీ చెప్పారు. మేం ఒక్క పేజీ రాశాం, తెలుగులోనే. బయానా ఎంత, మిగతాది ఎప్పుడు, ఎంతమంది వస్తారు, ఎంతసేపు ఆడతారు, వానొస్తే ఏం చేయాలి, మేం రద్దు చేస్తే బయానా ఎవరిది. ఇవన్నీ గురువు గారికి చదివి వినిపించాం. రద్దు మాట దగ్గర ఆయన ఆపి రెండోసారి చదివించుకున్నారు. ఇంతకు ముందు ఎక్కడో ఒక చోట, పేరు చెప్పలేదు, అందరూ పనులు మానుకుని తయారయ్యాక వద్దని కబురు చేశారట. బయానా మీ దగ్గరే ఉండిపోతుందని రాశాకే సంతకం పెట్టారు. కింద ఆయన కోరిక ఒకటి చేర్చాం. "డయాసు మీద వొద్దు తల్లీ. నేల మీదే ఆడతాం. ఒకడి బుజం మీద ఒకడు ఎక్కినప్పుడు కింద గట్టిగుండాలి."

డబ్బు చెల్లింపు దగ్గర చాలా తిరగాల్సి వచ్చింది. కాలేజీ ఆఫీసులో జీఎస్టీ బిల్లు కావాలన్నారు. జానపద, శాస్త్రీయ కళల ప్రదర్శనకు కళాకారుడు తీసుకునే పారితోషికం ప్రదర్శనకు 1,50,000 రూపాయలు దాటకపోతే జీఎస్టీ మినహాయింపు ఉందని, 2017 నోటిఫికేషన్‌లోనే ఉందని సదస్సులో ఇచ్చిన కాగితం చూపించాను. అకౌంటెంట్ గారు చదివి సరే అన్నారు. గురువు గారి పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు, రెవెన్యూ స్టాంపు అంటించిన రసీదు, ఒప్పందం కాపీ జతచేస్తే చాలన్నారు. కూలి పని మానుకుని వచ్చే మనుషులు వాళ్ళు. డబ్బు నెల తర్వాత ఇస్తామంటే ఎలా? అందుకే కాగితాలన్నీ ముందే ఆఫీసులో పెట్టి, ఆడిన రోజే ఖాతాలో పడేలా చూశాం. అనకాపల్లిలో వారం పడుతుందన్నారు, ఆ అక్క ఆ మాట ఒప్పందంలో ముందే రాయించింది.

మా కాలేజీలో ఆట సాయంత్రం నాలుగింటికి. పొద్దున్నే గ్రౌండులో రాళ్ళు ఏరి, నీళ్ళు చల్లి, దుమ్ము అణిచాం. చుట్టూ సరుగుడు కర్రలతో కంచె కట్టి, సైకిల్ స్టాండు వైపున్న రెండో గేటు కూడా తెరిపించాం. రెండు గేట్ల దగ్గరా ఎన్ఎస్ఎస్ వాలంటీర్లు నిలబడ్డారు, ఎవరు ఎక్కడ ఉండాలో పేర్లతో సహా ముందురోజే రాసి ఇచ్చాం. గుండె మీద తప్పెట, కాళ్ళకు గజ్జెలు, రంగురంగుల లాగులు. వలయంగా మెల్లగా మొదలెట్టారు. దరువు పెరిగే కొద్దీ చేతులు కనిపించడం మానేశాయి. ఒకరి మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడి, పైనున్నతను కూడా దరువు ఆపకుండా వాయిస్తుంటే గ్రౌండంతా లేచి నిలబడింది. ఫోన్లు పైకెత్తిన పిల్లలు కాసేపటికి ఫోన్లు దించేసి చప్పట్లతో దరువు అందుకున్నారు. ఆట అయ్యాక మా ఫస్టియర్ తమ్ముడు వాళ్ళ పెదనాన్నను తన స్నేహితులకు ఒక్కొక్కరికీ పరిచయం చేశాడు.

ముగ్గురం లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటే, బండి ఖర్చు నిజంగానే మూడో వంతే పడింది. అలా మిగిలినదానిలో కొంత బృందం పారితోషికానికే కలిపాం. రేటు తగ్గించుకుని మురిసిపోవడానికి నాకు మనసొప్పలేదు, మిగతా ఇద్దరూ వెంటనే సరే అన్నారు.

ఫిబ్రవరిలో కూర్చుని ఒక ఫైలు తయారుచేశాను. ఆడిటోరియం బొమ్మ, ఒప్పందం నకలు, జీఎస్టీ కాగితం, పోలీస్ స్టేషన్‌కి ఇచ్చిన దరఖాస్తు, మైక్ సెట్ వాళ్ళ నంబరు, ఏ పనికి ఎన్ని రోజుల ముందు తిరగాలో, మిగతా రెండు కాలేజీల ప్రతినిధుల వివరాలు. జూలైలో పేర్లు ఖాయమైన రోజే కొత్త కల్చరల్ సెక్రటరీకి ఇచ్చాను. ఆ అమ్మాయి ఈసారి అరకు నుంచి థింసా బృందాన్ని పిలవాలనుకుంటోంది. అరకు నుంచి దారి వేరు కాబట్టి శృంగవరపుకోట, కొత్తవలస వైపు కాలేజీలు కలవాలి. అటువైపు విద్యార్థి ప్రతినిధులు ఎవరైనా ఇది చదివితే ఇప్పుడే మాట్లాడుకోండి, తేదీలు దసరా లోపే ఖాయం కావాలి. తప్పెటగుళ్ళ గురువు గారిని పిలవాలనుకునేవాళ్ళు మాత్రం ఆయనకు పగటిపూట ఫోన్ చేయకండి. జీవాలు మేపడానికి వెళ్తారు. రాత్రి ఏడు దాటాక చేస్తే ఎత్తుతారు.