బుట్టలో పెళ్ళికూతురు వచ్చేలోపు కార్డు మార్చాలి

నాది తెనాలి. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాల ఫొటోలు తీస్తుంటాను. సోనీ ఏ7 త్రీ కొనేముందు ఆరు నెలలు ఆలోచించాను. ఆ కెమెరాలో పెట్టే మెమరీ కార్డు గురించి ఆరు నిమిషాలు కూడా ఆలోచించలేదు. ఆ ఆలోచించని దానికి ఎంత కట్టానో రాస్తున్నాను.

మొదట్లో నా దగ్గర 32 జీబీ కార్డులు ఆరు ఉండేవి. పాత కెమెరాకి అవి సరిపోయాయి. కొత్తదానిలో ఒక్కో రా ఫైలు (కెమెరా చూసింది చూసినట్టు దాచే పెద్ద ఫైలు) 24 ఎంబీ దాకా వస్తుంది కాబట్టి 1,300 ఫొటోలకే కార్డు నిండిపోయేది. ఒక పెళ్ళిలో తలంబ్రాల మధ్య కార్డు మారుస్తుంటే చెయ్యి జారి పీటల దగ్గర బియ్యంలో పడింది. పెళ్ళివాళ్ళు లేచాక, తివాచీ దులిపే కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని చేటలో చెరిగినట్టు వెతికాను. దొరికింది. కానీ ఆ అరగంటలో అప్పగింతలకి వేరే కార్డు పెట్టుకుని, కళ్ళు కెమెరా మీద, మనసు బియ్యం మీద!

ఆ దెబ్బకి ఇక పెద్ద కార్డు ఒక్కటి చాలనుకున్నాను. విజయవాడ వెళ్ళినప్పుడు ఒక షాపులో 256 జీబీ కార్డు సగానికి సగం ధరకి కనబడింది. పేరున్న కంపెనీ ప్యాకింగే. బిల్లు అడిగితే "జీఎస్టీతో అయితే రేటు మారుతుంది సార్" అన్నాడు. అప్పుడైనా అనుమానం రావాలి కదా. రాలేదు, పైగా ఆదా చేశానని సంబరపడ్డాను.

ఆ కార్డుతో తీసిన మొదటి పని ఊరి పక్కన ఒక ఓణీల ఫంక్షన్. కెమెరాలో కార్డు పెట్టే చోట్లు, అంటే స్లాట్లు, రెండుంటాయి. రెండో స్లాటు ఖాళీగానే ఉంచాను. 256 ఉండగా ఇంకోటి ఎందుకులే అని. సుమారు 1,900 ఫొటోలు తీశాను. తీసినప్పుడల్లా వెనక స్క్రీన్ మీద బొమ్మ చక్కగా కనబడుతోంది. అప్పుడు చూపించేది కెమెరా తన మెమరీలోంచి, కార్డులోంచి కాదు. ఈ సంగతి నాకు తర్వాత అర్థమైంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేస్తే 1,300 దాకా అన్నీ బాగున్నాయి. ఆ తర్వాత ఫైలు పేరుంది, సైజుంది, తెరిస్తే బూడిదరంగు పలక. ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోయాను. చివరి ఆరు వందలూ అంతే. పోయినవాటిని తిరిగి తెచ్చే ఫొటోరెక్ ప్రోగ్రామ్ కూడా నడిపాను. చెరిపేసిన ఫొటోలైతే అది తేగలదు. అసలు కార్డులో రాయనే రాయని ఫొటోలని ఎక్కణ్ణుంచి తెస్తుంది?

తెల్లారి ఆ ఇంటికి వెళ్ళాను. ఫోన్‌లో చెప్పే ధైర్యం లేదు. పాప నాన్నగారు మొత్తం విని కాసేపు ఏమీ అనలేదు. "మా అమ్మ అక్షింతలు వేసింది ఉందా?" అని అడిగారు. లేదండీ అన్నాను. లోపలికి వెళ్ళి వాళ్ళమ్మగారికి చెప్పినట్టున్నారు. ఆవిడ బయటికి వచ్చి, "దానికేముంది నాయనా, నేను పోయానా ఏంటి? ఆదివారం రా, మళ్ళీ వేస్తాను" అన్నారు. ఆదివారం అదే పట్టుచీర కట్టుకుని, పాపకి అదే ఓణీ కట్టించి కూర్చోబెట్టారు. ఫొటోలు బాగానే వచ్చాయి. డబ్బులు తీసుకోలేదు. ఓణీల ఫంక్షన్ కాబట్టి అలా సరిపోయింది. అదే జీలకర్రబెల్లం అయితే మళ్ళీ పెట్టించగలమా?

తర్వాత మా సీనియర్ ఒకాయన చెబితే ఆ కార్డుని హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షించాను. అది కార్డు నిండా ఫైళ్ళు రాసి, మళ్ళీ చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చూస్తుంది. గంటల తరబడి పట్టే పని, రాత్రి పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే సరిగా ఉన్నది 29 జీబీ చిల్లర. 32 జీబీ కార్డు కంప్యూటర్ లెక్కలో అంతే చూపిస్తుంది. అంటే లోపల ఉన్నది 32 జీబీ కార్డు, దానికి 256 అని అబద్ధం చెప్పడం నేర్పారు. నిండాక వచ్చినవన్నీ గాలికి పోతాయి, పేర్లు మాత్రం జాబితాలో మిగులుతాయి.

అప్పుడు మొదలైంది అసలు చదువు. ముందు కార్డు మీద అంకెలు. పెద్ద అక్షరాలతో 170 అనో 200 అనో వేస్తారే, అది సెకనుకి ఎన్ని ఎంబీలు చదవగలదన్న లెక్క, అంటే ఇంట్లో కంప్యూటర్‌కి ఎక్కించేటప్పటి వేగం. మండపంలో మనకి కావలసింది రాసే వేగం. అది ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. నమ్మదగ్గది వి అక్షరం పక్కన అంకె. వి30 అంటే ఆగకుండా రాస్తున్నా సెకనుకి కనీసం 30 ఎంబీ, వి60 అంటే 60, వి90 అంటే 90.

ఇక్కడ నేనొక తప్పు చేయబోయాను. కెమెరా మెనూలో 4కె వీడియోకి 100ఎం అని ఉంటుంది. 100 అంటే వి90 కూడా చాలదేమో అని టెన్షన్ పడి, చాలా ఎక్కువ ధర ఉన్న వి90 కొనబోయాను. ఆ 100 మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే సెకనుకి పన్నెండున్నర ఎంబీ. వి30 కూడా హాయిగా మోస్తుంది.

మరి ఇంకా వేగం ఎందుకంటే తలంబ్రాల కోసం. వధూవరులు పోటీపడి పోసుకునేటప్పుడు నొక్కిన బటన్ వదలం. 60 ఫొటోలు ఒక్క ఊపులో తీస్తే దాదాపు 1,440 ఎంబీ. సెకనుకి 30 ఎంబీ రాసే కార్డుకి అది దిగడానికి 48 సెకన్లు, 80 రాసే దానికి 18. ఆ 48 సెకన్లలో మళ్ళీ మళ్ళీ నొక్కితే కెమెరా లోపలి మెమరీ నిండిపోయి తడబడుతుంది, కార్డు మీద ఇంకా రాస్తోందని చెప్పే ఎర్రలైటు ఆరదు, అక్కడ పెళ్ళికొడుకు పళ్ళెం మొత్తం ఎత్తి కుమ్మరించేస్తాడు. మనం లైటు చూస్తూ నిలబడతాం.

ఇంకో ముడి స్లాట్లది. ఏ7 త్రీలో రెండు స్లాట్లున్నా యూహెచ్ఎస్ 2 అనే ఎక్కువ వేగం మొదటిదానికే, రెండోది యూహెచ్ఎస్ 1, అంటే తక్కువ వేగం. రెండింటిలోనూ ఒకేసారి రా రాయిస్తే మెల్లగా నడిచేదాని కోసం వేగంగా నడిచేది ఆగాల్సిందే. ఖరీదైన కార్డులు రెండు కొని ఉంటే ఒకదాని డబ్బు దండగయ్యేది. అందుకని మొదటిదానిలో రా, రెండోదానిలో జెపెగ్ (కుదించిన చిన్న ఫొటో ఫైలు) వెళ్ళేలా పెట్టాను. రా కార్డు చస్తే కనీసం జెపెగ్ బతికి ఉంటుంది. ఆల్బమ్ వేయడానికి అది చాలు.

ఇక ఎంత సైజు? 512 ఒకటి పెట్టేస్తే పోయేదానికి అని మా అసిస్టెంటు. నాకు మనసొప్పలేదు. ఒక కార్డు పాడైతే పసుపు దంచడం నుంచి అరుంధతీ నక్షత్రం దాకా మొత్తం పోతుంది. అలాగని మళ్ళీ 32లకి వెళ్ళి బియ్యంలో వెతుక్కోనూ లేను. పాత ఫోల్డర్లు తీసి లెక్కేశాను. సాయంత్రం నుంచి తెల్లారేదాకా 3,200 నుంచి 3,800 ఫొటోలు, ఎక్కువలో ఎక్కువ 91 జీబీ. నిమిషానికి 750 ఎంబీ చొప్పున ఇరవై నిమిషాల చిన్న చిన్న వీడియో క్లిప్పులు, ఇంకో 15 జీబీ. అంటే 128 ఒక్కటి గొంతు దాకా సరిపోతుంది. రెండు ఉంటే సగం సగం. (128 అని కొన్నది కంప్యూటర్‌లో 119 అని చూపిస్తే మోసమనుకోకండి, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే. నేను మొదట షాపువాడితో గొడవ పడబోయాను.)

ఈసారి బిల్లుతో, అధీకృత డీలర్ దగ్గర, 128 జీబీ కార్డులు మూడు కొన్నాను. రాకి వి60 రెండు, జెపెగ్‌కి వి30 ఒకటి. మూడింటికీ రాత్రిపూట పరీక్ష పెట్టి, తర్వాత కెమెరాలోనే ఫార్మాట్ చేశాను.

మొన్న రేపల్లె దగ్గర పెళ్ళి, రాత్రి 2 గంటల 47 నిమిషాలకి ముహూర్తం. గౌరీపూజ అయింది. మేనమామలు పెళ్ళికూతురిని బుట్టలో కూర్చోబెట్టి తీసుకురావడానికి లోపలికి వెళ్ళారు. పంతులుగారు సామాన్లు సర్దుకుంటున్నారు. ఆ రెండు నిమిషాల్లో మొదటి కార్డు తీసేశాను, ఇంకా సగమే నిండింది. రెండోది పెట్టి, ఒక ఫొటో తీసి, ప్లే చేసి చూసుకున్నాను. అడ్డుతెర పట్టారు, జీలకర్రబెల్లం పెట్టారు, తెర దింపారు. తలంబ్రాలకి బటన్ వదలకుండా నొక్కాను. లైటు ఆరింది, మళ్ళీ నొక్కాను.

తెల్లారాక రా కార్డులు రెండూ నా చొక్కా జేబులో, జెపెగ్ కార్డు మా అసిస్టెంటు దగ్గర. వాడి బండి వేరు, నా బండి వేరు.

కార్డులన్నీ ఒకలాగే ఉంటాయి కాబట్టి కలిసిపోకుండా స్టిక్కరు వైపు చుక్కలు పెట్టాను, ఒకటి, రెండు, మూడు. ఆ దొంగ కార్డుకి చుక్క పెట్టలేదు, కటింగ్ ప్లేయర్‌తో రెండు ముక్కలు చేశాను. చుక్కలు పెట్టింది మా ఆవిడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో. మొన్న సీసా తిప్పి చూసి, "ఏవండీ, ఇంకెన్ని కార్డులు కొంటారేంటి?" అంది. పోర్టబుల్ హార్డ్ డిస్క్ కొనాలనుకుంటున్నానని ఇంకా చెప్పలేదు.