గేమింగ్ మానిటర్ కొంటే బిల్లు మీద ఈ ముక్క రాయించండి

27 అంగుళాల 1440పీ (2560×1440 పిక్సెళ్లు) మానిటర్ ఎట్టకేలకు టేబుల్ ఎక్కింది. ఎంచుకోవడం పెద్ద పనేం కాలేదు, తిప్పలన్నీ డబ్బు కట్టాకే మొదలయ్యాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

సైజు సంగతి తేలికే. 1080పీ అయితే 24 అంగుళాలు దాటొద్దు. 27కి సాగదీస్తే అంగుళానికి 82 పిక్సెళ్లే పడతాయి, అక్షరాల అంచులు రంపపు పళ్లలా కనిపిస్తాయి. అదే సైజులో 1440పీకి 109 పడతాయి. 4కేకి అంతకు రెండింతలపైనే పిక్సెళ్లు గీయాలి, నా గ్రాఫిక్స్ కార్డు వల్ల కాదు. తెర ప్యానెల్ రకాల్లో ఐపీఎస్, వీఏ రెండూ చూసి ఐపీఎస్ తీసుకున్నా. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, కాంట్రాస్టు (తెలుపు, నలుపుల తేడా) 3000:1, కొన్నిట్లో ఆపైకి కూడా పోతుంది. కానీ చాలావాటిలో చీకటి సీన్లలో కెమెరా తిప్పగానే నీడలు అలుక్కుపోతాయి. నింపాదిగా కథ గేములాడేవాళ్లకు ఫర్వాలేదు, షూటర్లకు మాత్రం వద్దు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఏ కౌంటర్ దగ్గర నిలబడినా “1 మిల్లీసెకండ్ అన్నా” అంటారు. జీటీజీనా (పిక్సెల్ ఒక రంగు నుంచి ఇంకోదానికి మారే సమయం), ఎంపీఆర్‌టీనా (కదిలే బొమ్మ ఎంత మసకబారుతుందన్న కొలత) అని అడగండి, సగంమంది నోరు మెదపరు. ఎంపీఆర్‌టీ అంకె బ్యాక్‌లైట్‌ను ఆర్పుతూ వెలిగిస్తూ రాబట్టేది. అది ఆన్ చేస్తే వెలుగు తగ్గిపోతుంది, చాలా మోడళ్లలో వీఆర్‌ఆర్ (గేము ఫ్రేముల వేగానికి మానిటర్ వేగాన్ని కలిపే సదుపాయం) ఆగిపోతుంది. జీటీజీ 1 కూడా ఎక్కువగా ఓవర్‌డ్రైవ్‌ను (పిక్సెళ్లను తొందరపెట్టే సెట్టింగ్) ఆఖరి మెట్టు మీద పెట్టినప్పుడు వచ్చే అంకే. అక్కడ పెడితే కదిలే బొమ్మ వెనక తెల్లటి అంచు లేస్తుంది. మధ్య మెట్టు చాలు. డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 స్టిక్కర్ చూసి రూపాయి కూడా ఎక్కువివ్వకండి, ఆ స్టిక్కర్‌కి లోకల్ డిమ్మింగ్ (చీకటి భాగాల్లో మాత్రమే వెలుగు తగ్గించడం) ఉండాలన్న నియమమే లేదు.

ఇక అసలు గొడవ. ఇంటికి తెచ్చి నల్ల స్క్రీన్ పెడితే మధ్యకు కాస్త కుడిగా ఆకుపచ్చ చుక్క. తెల్ల స్క్రీన్ మీద మాయం. అంటే పిక్సెల్ చావలేదు, అందులోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం సబ్‌పిక్సెళ్లలో ఆకుపచ్చది ఆరకుండా ఇరుక్కుంది. చచ్చినదైతే తెలుపు మీద నల్లగా కనిపించాలి. రంగులు చకచకా మార్చే వీడియో పెట్టి గంటలు వదిలేస్తే ఒక్కోసారి దారికొస్తుంది, ఇది రాలేదు. వేలితో నొక్కమని చెప్పేవాళ్ల మాట వినొద్దు, పక్క పిక్సెళ్లు కూడా పోవచ్చు.

షాపుకి మోసుకెళ్తే కౌంటర్ కుర్రాడు పదిమంది ముందు నవ్వాడు. “ఒక్క చుక్కేగా అన్నా, ఆటలో పడితే కనిపించదు. సర్వీస్ సెంటర్‌కి వెళ్లు.” అక్కడ డబ్బా కూడా విప్పించకుండానే వారంటీ కాగితం ముందుకు తోశారు: చుక్కలు పరిమితి లోపలే ఉన్నాయట. ఈ పరిమితి ఎక్కడిదో తెలుసుకోవాలి. ఐఎస్ఓ 13406-2 అనే పాత ప్రమాణం రెండో తరగతి ప్యానెల్‌కి, ప్రతి 10 లక్షల పిక్సెళ్లకు, ఎప్పుడూ వెలిగేవి 2, ఎప్పుడూ ఆరి ఉండేవి 2, ఇరుక్కున్న సబ్‌పిక్సెళ్లు 5 దాకా సరేననేది. 1440పీలో దాదాపు 37 లక్షల పిక్సెళ్లు. ఆ లెక్కన ఇలాంటి ఆకుపచ్చ చుక్కలు 18 ఉన్నా సరుకు మంచిదే! 2008లో దాని స్థానంలో ఐఎస్ఓ 9241 వరసలోని కొత్త భాగాలు వచ్చాయి, తరగతుల్లో మార్పులొచ్చినా చుక్కలకు పరిమితులు మాత్రం ఇంకా ఉన్నాయి. ఏ తరగతి పాటించాలో కంపెనీ ఇష్టం. డబ్బు మాత్రం మన దగ్గర ఒక్క నోటు తగ్గినా తీసుకోరు.

గట్టెక్కించింది బిల్లే. కొన్నప్పుడే “డెడ్, స్టక్ పిక్సెల్ ఒక్కటున్నా 7 రోజుల్లో మార్పిడి” అని ఓనర్‌తో రాయించి స్టాంపు వేయించా. కుర్రాణ్ణి వదిలేసి నేరుగా ఆయన ముందే పెడితే, తన దస్తూరీ తనే చూసుకుని కాసేపు ఊరుకున్నాడు, తర్వాత గోడౌన్‌కి ఫోన్ చేశాడు. నోటిమాటగా ఒప్పుకున్నది రెండోరోజుకి ఎవరికీ గుర్తుండదు, రాయనంటే పక్క షాపుకి పోండి. ఆన్‌లైన్లో కొంటే సీల్ కోసే దగ్గర్నుంచి నల్ల స్క్రీన్ దాకా ఆపకుండా వీడియో తీయాలి.

రెండో పీసుని కౌంటర్ మీదే వెలిగించా. లాప్‌టాప్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు బొమ్మలు పెట్టుకుని, హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా మీరే పట్టుకెళ్లండి. నలుపు మీద మూలల్లో వెలుగు కనిపిస్తే తల అటూ ఇటూ జరిపి చూడండి. తలతోపాటు మారితే ఐపీఎస్ గ్లో, అది ఉండేదే. కదలకుండా పసుపుపచ్చగా నిలిస్తే బ్యాక్‌లైట్ లీకు, వద్దనండి.

బిగించడం ఐదు నిమిషాల పని. కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకి, అదీ డిస్‌ప్లేపోర్ట్‌కి పెట్టాలి. పాత హెచ్‌డీఎంఐ 1.4 అయితే 1440పీలో 75 హెర్ట్జ్ (సెకనుకు 75 బొమ్మలు) దగ్గరే ఆగిపోవచ్చు. విండోస్ చాలాసార్లు 60 హెర్ట్జ్ మీదే వదిలేస్తుంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి నా మానిటర్ గరిష్ఠం 180 చేశా. వీఆర్‌ఆర్ మానిటర్ మెనూలోనూ, డ్రైవర్‌లోనూ రెండుచోట్లా ఆన్ చేయాలి. గేము ఫ్రేములకు సెకనుకు 177 దగ్గర కళ్లెం వేస్తే వీఆర్‌ఆర్ పరిధి దాటవు, చిత్రం చీలదు.